నువ్వు కొట్టేసిన గడి

మిట్ట మీది బడి,
టీచర్ల గది, మూడు కాళ్ల కుర్చీ.
జూలై 4

మహారాజశ్రీ అక్కగారి పాదాలకు, వంగినప్పుడు నెత్తిన మొట్టికాయ వెయ్యరన్న నమ్మకం మీద, తమ్ముడు నమస్కరించి విన్నవించుకునేది ఏమనగా:

ఈ ఉత్తరం ప్రేమకొద్దీ రాస్తున్నాననుకుని పొంగిపోకు. ఈ మిట్ట మీదికి ఫోను సిగ్నలు ఎక్కలేదు. పాలవ్యాను మాత్రం మంగళ, శుక్రవారాల్లో మూలుగుతూ ఎక్కుతుంది, దాంట్లో ఉత్తరాల సంచీ వస్తుంది. కాబట్టి నీకు ఉత్తరాలు తప్పవు.

తమ్ముడు ఏడో తరగతికి లెక్కల మాస్టారయ్యాడు. నవ్వింది చాలు. డిగ్రీలో లెక్కలు రెండో విడతలో గట్టెక్కిన మాట ఇక్కడెవరికీ తెలియదు. పాత మాస్టారు బదిలీ మీద వెళ్తూ, ఇల్లు ఖాళీ చేసేవాళ్లు తిరగని ఫ్యాను వదిలేసినట్టు, సంభావ్యత పాఠం వదిలేసి వెళ్లాడు. అందులోనూ సంయుక్త ఘటనలు. అంటే ఒకటి కాదు, రెండు పనులు కలిసి జరిగితే ఏమవుతుందని.

రెండు నాణేలు ఎగరేస్తే ఏమేం పడొచ్చు? బోర్డు మీద గంభీరంగా రాశాను. రెండూ బొమ్మలు. చెరొకటి. రెండూ బొరుసులు. మొత్తం మూడు. కాబట్టి ఒక్కోదానికి మూడో వంతు అవకాశం. చేతులకు అంటిన సుద్ద దులుపుకున్నాను. మేధావిలా ఉన్నాను అక్కా, నువ్వు చూసుండాల్సింది.

నలభై మందికీ ఇంటిపని ఇచ్చాను: తలా యాభైసార్లు ఎగరేసి రాసుకు రండి. ముప్పై తొమ్మిది మంది పదిహేడు, పదహారు, పదిహేడు అని ముత్యాల్లా రాసుకొచ్చారు. ఒక్క పిల్ల మాత్రం పదమూడు, ఇరవై ఐదు, పన్నెండు అని తెచ్చింది. ఆ పిల్లకి నేను పెట్టుకున్న పేరు లాయరమ్మ, ఎందుకంటే హాజరు పిలిచినా "ఏ ఆధారంతో?" అన్నట్టు చూస్తుంది. పైగా పుస్తకంలో నాలుగు గడులు గీసింది. బొమ్మ–బొమ్మ, బొమ్మ–బొరుసు, బొరుసు–బొమ్మ, బొరుసు–బొరుసు.

"రెండోదీ మూడోదీ ఒకటే కదమ్మా," అని మూడో గడిని ఎర్రసిరాతో కొట్టేశాను. కింద "మళ్లీ చెయ్యి" అని రాశాను.

"ఎన్నిసార్లు చేసినా ఇదే వస్తోంది సార్," అంది.

"అయితే నాణేలు మార్చు," అన్నాను. ఎలా ఉంది సమయస్ఫూర్తి?

ఆ కాగితాలన్నీ దీంతో పంపుతున్నాను, నా పిల్లల ప్రతిభ చూసి ఆనందించు. నువ్వెలా ఉన్నావు? బావ లిఫ్టులు బాగుచేస్తున్నాడా, వాటిలో ఇరుక్కుంటున్నాడా? పోయినేడాది ఆ జ్వరం తర్వాత నీ ఉత్తరాల్లో తిట్లు తగ్గాయి. నాకేదో వెలితిగా ఉంది.

విధేయుడు (అబద్ధం),
తమ్ముడు


విత్తన పరీక్ష కేంద్రం,
మొలకల గది పక్క బల్ల.
జూలై 12

ఒరేయ్ కోతీ,

నీ పిల్లల ప్రతిభ చూశాను. ముప్పై తొమ్మిది మంది అబద్ధం రాశారు. నాణేలు ఎగరేసింది ఆ ఒక్క పిల్లే. దాని పుస్తకం మీదే నువ్వు ఎర్రసిరా పోశావు.

ఇక్కడ నా పని నీకు తెలుసుగా. ఒక్కో బస్తాలోంచి నాలుగు వందల గింజలు తీసి, నాలుగు పళ్లేల్లో నూరేసి చొప్పున తడికాగితం మీద పేరుస్తాను. వారం పోయాక ఎన్ని మొలిచాయో లెక్కపెడతాను. నాలుగు పళ్లేల్లోనూ తొంభై రెండు, తొంభై రెండు, తొంభై రెండు, తొంభై రెండు అని ఎవరైనా రాసుకెళ్తే మా ఆఫీసరమ్మ తల కూడా ఎత్తదు. "గింజలు పెట్టావా, పెన్ను పెట్టావా?" అంటుంది. నిజం అంత నున్నగా ఉండదురా. ఎక్కడో ఒకచోట గరుకు తగులుతుంది.

ఒక పని చెయ్యి. ఒక నాణేనికి ఎర్రరంగు పుయ్యి. రెండోది మామూలుగా ఉంచు. అప్పుడు చెప్పు, ఎర్రది బొమ్మా మామూలుది బొరుసూ పడటం, ఎర్రది బొరుసూ మామూలుది బొమ్మా పడటం ఒకటేనా? రంగు పూయకముందు కూడా అవి రెండు నాణేలే కదా. నీ కంటికి తేడా తెలియకపోతే అది నాణేల తప్పా?

రెండూ బొరుసులు పడటం నాలుగింట ఒకటి. చెరొకటి పడటం నాలుగింట రెండు. నాకెలా తెలుసని అడగకు. తెలుసు.

క్లాసులో ఆ పిల్లకి క్షమాపణ చెప్పు. గొణగకు, గట్టిగా చెప్పు.

అన్నట్టు, మా ఆఫీసులో ఒకావిడ అడిగింది. నాలుగింట ఒకటి అన్నారు కదా, ఆ ఒకటీ ముందే పడిపోతే తర్వాతి మూడూ బాగుంటాయనేగా? మాస్టారివి కదా, కనుక్కుని రాయి. తొందరేం లేదు. అంటే, మరీ ఆలస్యం చెయ్యకు.

అక్క


మిట్ట మీది బడి,
ఏడో తరగతి గది, నా పరువు పోయిన చోటు.
జూలై 22

అక్కగారికి, నిన్నటిదాకా మేధావిగా చలామణీ అయిన మీ తమ్ముడు రాయు పశ్చాత్తాప పత్రం.

ముందు నా గదిలో తలుపేసుకుని ఎగరేశాను. పన్నెండు, ఇరవై ఆరు, పన్నెండు. నాణేలు మార్చాను. పదకొండు, ఇరవై నాలుగు, పదిహేను. కూర్చున్న కుర్చీకి మూడే కాళ్లున్నాయన్న సంగతి అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

మర్నాడు క్లాసులో నిలబడి గట్టిగానే చెప్పాను. "నేను తప్పు చెప్పాను. తను ఒప్పు చెప్పింది." మాస్టారు తప్పు ఒప్పుకోవడం వాళ్లెప్పుడూ చూడలేదనుకుంటాను. మిగతా ముప్పై తొమ్మిది మంది వైపు తిరిగి "మరి మీకెలా వచ్చిందిరా మూడో వంతు?" అన్నాను.

ముందు బెంచీవాడు లేచాడు. "ఎగరేస్తే రాలేదు సార్. మీరు వస్తుందన్నారు కదా. రాకపోతే మీరు బాధపడతారని సర్దాం."

నన్ను బాధపెట్టకూడదని ముప్పై తొమ్మిది ఇళ్లల్లో దొంగలెక్కలు రాశారక్కా! ఇంత ప్రేమ నాకు పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా దొరకలేదు. నీ దగ్గర అసలే దొరకలేదు.

లాయరమ్మ ఇంటి నుంచి వాళ్లమ్మ గోళ్లరంగు తెచ్చింది. నలభై నాణేలకి ఎర్రరంగు పూశాం. వెనక గోడ మొత్తం, లాయరమ్మ పుస్తకంలోని వరసలోనే, ఎర్రనాణెం ముందుగా, నాలుగు నిలువు గడులుగా గీశాం. తలా యాభైసార్లు ఎగరెయ్యాలి, పడినప్పుడల్లా వెళ్లి ఆ గడిలో ఒక చుక్క పెట్టాలి. సర్దడాల్లేవు.

ఇక్కణ్నుంచి వేళాకోళం ఆపేస్తున్నాను, ఎందుకంటే చూసింది చూసినట్టు రాయాలనుంది.

మొదట ఏమీ లేదు. ఈగలు వాలినట్టు చుక్కలు. ఒక గడి బలిసింది, ఇంకోటి బక్కచిక్కింది. ఒకడికి వరసగా ఆరుసార్లు రెండూ బొరుసులే పడితే క్లాసంతా ఈలలు వేసింది. నాకు లోపల బెరుకు, మళ్లీ తప్పు చెప్పానా అని. ఐదు వందల చుక్కలు దాటాక అరుపులు తగ్గాయి. వెయ్యి దాటేసరికి నాణేలు నేలమీద పడే చప్పుడొకటే. బక్క గడి నెమ్మదిగా ఒళ్లు చేసింది. బలిసిన గడి పక్కవాటితో కలిసిపోయింది. దాన్ని ఎవరూ ఆపలేదక్కా. దీన్ని ఎవరూ తొయ్యలేదు. ఒక చెయ్యి ఏం వేస్తోందో పక్క చేతికి తెలియదు. నాణేనికైతే అసలేమీ తెలియదు. అయినా గోడ మీద అది వచ్చేస్తోంది, కడిగిన ఫోటోలో ముఖం తేలినట్టు.

లెక్కపెట్టాం. 494, 511, 503, 492.

గంట కొట్టారు. గంటకంటే ముందే సంచీ భుజాన వేసుకునే పిల్ల ఒకతె ఉంది, అదీ కదల్లేదు. హెడ్‌మాస్టరు "గోడ ఎవరు పాడు చేశారు?" అంటూ వచ్చి, చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. "ఈ గోడకి సున్నం వెయ్యొద్దని చెప్తాను," అని వెళ్లిపోయారు. ఇరవై ఏళ్లలో ఆయన ఎవర్నీ తిట్టకుండా గది దాటింది అదే మొదటిసారట.

ఇక మీ ఆఫీసావిడ ప్రశ్న. ఆవిడకి నా తరఫున చెప్పు: అమ్మా, నాణేనికి బుర్ర లేదు, జ్ఞాపకం లేదు, జాలి అంతకన్నా లేదు. ఒకసారి బొరుసులు పడ్డాయని తర్వాతిసారి మొహమాటపడి బొమ్మలు వెయ్యదు. ప్రతిసారీ కొత్తగా నాలుగింట ఒకటే. ముందు పడింది ఖాతాలోకి రాదు. మా క్లాసులో ఆరుసార్లు పడింది, ఏడోసారి కూడా పడొచ్చు! ఇంత తేలిక ప్రశ్నకి ఫీజేమీ వద్దులే.

ఇట్లు,
గోడ ముందు నోరెళ్లబెట్టిన మాస్టారు


విత్తన పరీక్ష కేంద్రం.
ఆగస్టు 2

తమ్ముడూ,

నీ జవాబు అందింది. డాక్టరూ అదే చెప్పింది. నువ్వు వేరేగా చెప్తావేమోనని అడిగాను.

ఆఫీసావిడ ఎవరూ లేరు.

చెల్లికి ఏమైందో నీకు గుర్తుందిగా. ఒంట్లో రక్తం నిలిచేది కాదు, నెల నెలా ఎక్కించేవాళ్లు. ఆరేళ్లే బతికింది. ఆ జబ్బు ఒక్కరి నుంచి రాదట. అమ్మ దగ్గర సగం, నాన్న దగ్గర సగం ఉన్నాయి. సగం ఉన్నవాళ్లకి ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలియదు. ఇద్దరి సగాలూ ఒకే బిడ్డలో పడితేనే జబ్బు. రెండూ బొరుసులు.

నాలుగింట ఒకటి అని అప్పట్లో డాక్టరు అమ్మకి చెప్పాడట. అమ్మ దాన్ని ఎలా తీసుకుందో తెలుసా? నలుగురిలో ఒకరు పోతారు, ఆ ఒకరూ పోయారు, ఇక భయం లేదని. "మన ఇంటి వంతు చెల్లి తీసుకుపోయింది," అనేది. నేనూ అదే నమ్మాను. పెళ్లికి ముందు పరీక్ష చేయించుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకు సగం ఉంది. మీ బావకీ ఉంది.

పోయినేడాది నాకొచ్చింది జ్వరం కాదురా. నాలుగో నెలలో పరీక్ష చేశారు. రెండూ బొరుసులే. ఆ బిడ్డ లేదు. అమ్మకి జ్వరమని చెప్పాను. నీకూ అదే చెప్పాను.

ఇప్పుడు నాకు మూడో నెల. వచ్చే నెల రెండో బుధవారం సూది పరీక్ష. పది రోజులకి కాగితం వస్తుంది.

వారానికి వేల గింజలు చూస్తాను. ఈ బస్తా నూటికి తొంభై రెండు అని సంతకం పెడతాను, రైతులు నమ్మి చల్లుకుంటారు. అదే నేను ఒక గింజ అరచేతిలో పెట్టుకుంటే దాని గురించి ఏమీ చెప్పలేను. నీ గోడ మాట బాగానే ఉంది. రెండు వేల చుక్కలుంటే ధైర్యంగానే ఉంటుంది. నాకున్నది ఒక్కటి.

నువ్వు కూడా రక్తం ఇచ్చి చూపించుకో. అమ్మకి అప్పుడే చెప్పకు.

అక్క


మిట్ట మీది బడి,
పాలవ్యాను ఆగే మెట్లు.
ఆగస్టు 9

అక్కా,

నీ ఉత్తరం ఈ మెట్ల మీదే చదివాను. వ్యాను వెళ్లిపోయాక కూడా కూర్చున్నాను.

నేను రాసిన జవాబు లెక్క ప్రకారం తప్పు కాదు. మిగతా ఏ ప్రకారం చూసినా తప్పే. ఫీజు వద్దన్నాను. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోగలిగితే బాగుండును. ఏడాదిగా నువ్వు ఒక్కదానివే మోశావు, నేనేమో తిట్లు తగ్గాయని గునిశాను.

చెల్లి గుర్తుంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు బుగ్గలు ఎర్రగా ఉండేవి. "ఇవాళ కొత్త రక్తం, పందెం!" అనేది. సందు చివరిదాకా పరుగు. నేను ఓడిపోయినట్టు నటించేవాణ్నని నువ్వనుకునేదానివి. లేదక్కా. ఆ రెండు రోజులూ అది నిజంగానే నన్ను ఓడించేది.

నిన్న క్లాసులో, ఎందుకో ఎవరికీ చెప్పకుండా, రెండు నాణేలు ఒక్కసారి ఎగరేసి బల్ల మీద పడగానే చేత్తో మూసేశాను. "ఇంకో నలభై తొమ్మిదిసార్లు లేవు. ఇదొక్కటే. గోడ ఏం చెప్తుంది?" అన్నాను.

"గోడకేం తెలీదు సార్," అన్నాడు ముందు బెంచీ.

"రెండూ బొరుసులు కాకపోవడానికే ఎక్కువ, నాలుగింట మూడు," అంది ఇంకో పిల్ల.

లాయరమ్మ నా చెయ్యి వైపే చూస్తోంది. "సార్, అవి పడిపోయాయి కదా?"

"పడిపోయాయి."

"అయితే అక్కడ పావులూ అరలూ ఏమీ లేవు సార్. ఉన్నది ఉన్నట్టే ఉంది. మనకి కనపడటం లేదంతే. పావు వంతు మన దగ్గరుంది. దాని దగ్గర లేదు."

ఆ పిల్లకి పన్నెండేళ్లక్కా. నలభై మంది నా చేతినే చూస్తున్నారు. అరచేతి కింద రెండు చల్లటి నాణేలు, వాటి పని అవి ఎప్పుడో పూర్తి చేసుకుని, మమ్మల్ని పట్టించుకోకుండా పడుకున్నాయి. నేను చెయ్యి తియ్యలేదు. తియ్యకుండానే జేబులో వేసుకున్నాను. "అన్యాయం సార్!" అని గోల. అది న్యాయమో అన్యాయమో నాకూ తెలియదు.

నీ దగ్గర కూడా అది పడిపోయే ఉంది. నువ్వు గింజలు లెక్కపెడుతున్నా, నిద్రపోతున్నా, భయపడుతున్నా అది మారదు. అంచేత నీ భయం దానికి తగలదు. ఇది ఓదార్పో కాదో తెలియదు.

రెండో బుధవారం వస్తున్నాను. హెడ్‌మాస్టరు "సెలవు దేనికి?" అన్నారు. "సంభావ్యత" అన్నాను. సంతకం పెట్టేశారు. రక్తం కూడా అక్కడే ఇస్తాను.

తమ్ముడు


ఇల్లు,
కిటికీ పక్క కుర్చీ. దీనికి నాలుగు కాళ్లూ ఉన్నాయి.
సెప్టెంబరు 20

ఒరేయ్ మాస్టారూ,

ఆ రోజు ఆస్పత్రి వరండాలో నువ్వూ మీ బావా గంటసేపు ఆ లిఫ్టు ఎందుకంత నిదానంగా వస్తోందని చర్చించారు. లోపల నాకు వినపడుతూనే ఉంది. డాక్టరు "వాళ్లు మీవాళ్లేనా?" అంది. కాదందామనుకున్నాను. కానీ ఆ సోది వింటుంటే సూది నొప్పి తెలియలేదు.

కవరు నిన్న వచ్చింది. నేను చించలేదు. మీ బావ చించాడు. పైకోసారి చదివాడు, కిందికోసారి చదివాడు. తర్వాత లిఫ్టులో అంతస్తులు చెప్పే గొంతులాగా ఒక్కో మాటా విడివిడిగా "తల్లి, వైపు, ఉంది. తండ్రి, వైపు, లేదు," అన్నాడు.

అర్థమైందా? ఎర్రనాణెం నేను. మామూలుది మీ బావ. ఎర్రది బొరుసు, మామూలుది బొమ్మ. నాలాగే సగం. అమ్మలాగే. ఏమీ కాదు. జీవితమంతా ఏమీ కాదు.

ఇప్పుడు నీ జూలై ఉత్తరం తీసి చూడు, నా దగ్గరే ఉంది కాబట్టి నేనే చెప్తాను. లాయరమ్మ గీసిన నాలుగు గడుల్లో మూడోది. బొరుసు–బొమ్మ. "రెండోదీ మూడోదీ ఒకటే కదమ్మా" అని నువ్వు ఎర్రసిరాతో కొట్టేసిన గడి. అందులో కూర్చుందిరా నా బిడ్డ.

అమ్మకి చెప్పాను. మొత్తం చెప్పాను, పోయినేడాదిది కూడా. రెండు నాణేలు చేతికిచ్చి చూపించాను. మంచం మీద కూర్చుని చాలాసేపు ఎగరేసింది. చివరికి "అయితే వంతు అనేది ఏమీ లేదన్నమాట," అంది. లేదన్నాను. "అయితే మీ చెల్లి మీలో ఎవరి బదులూ పోలేదు," అంది. ఇన్నేళ్లూ ఆ మాట మోస్తోందని నాకు తెలియదు. ఏడ్చింది, తర్వాత ముఖం కడుక్కుని నువ్వు సరిగ్గా తింటున్నావా అని అడిగింది.

మీ గోడ మీద ఒక చుక్క పెట్టించు.

అక్క

తా.క. తిట్లు తగ్గాయన్నావుగా. దరిద్రుడా, నీ రక్తం రిపోర్టు ఏమైందో రాయవేం?


మిట్ట మీది బడి,
వెనక గోడ పక్కన నిలబడి.
సెప్టెంబరు 27

అక్కగారి శ్రీచరణాలకు,

తిట్లు అందాయి, ఆరోగ్యంగా ఉన్నాను. నాదీ సగమే. నన్ను చేసుకోబోయే పిల్లని ముందు రక్తం అడగాలన్నమాట. నా మొహానికి అదీ ఒక పరీక్షేనా అని నవ్వుకుంటావని తెలుసు.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని క్లాసుకెళ్లి లాయరమ్మని పిలిచాను. "మూడో గడిలో ఇంకో చుక్క పెట్టాలి," అన్నాను.

అనుమానంగా చూసింది. "ఎవరు ఎగరేశారు సార్?"

"మా అక్కా, మా బావా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారే."

"యాభైసార్లు వెయ్యాలి కదా?"

"వాళ్లకి ఇదొక్కటే లెక్క."

"సర్దలేదుగా?"

"సర్దలేదు. సర్దడానికి వీల్లేనిది."

నా ముఖంలో ఏం కనపడిందో, ఇంకేమీ అడగలేదు. సుద్దముక్క తీసుకుంది. "కొంచెం పెద్దది పెట్టమ్మా," అన్నాను.

"అన్నీ ఒకే సైజు ఉండాలి సార్. లేకపోతే మోసం."

పెట్టింది. ఐదు వందల నాలుగు. పక్క చుక్కలకీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు. గంట కొట్టారు, పిల్లలందరూ వెళ్లిపోయారు. నేను చూపు తిప్పితే మళ్లీ నీ చుక్క ఏదో తెలియకుండా పోతుందని, దాన్నే చూస్తూ ఇక్కడ నిలబడి ఈ ఉత్తరం గోడకి ఆనించి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నాది కాదు, గోడ గరుగ్గా ఉంది.

తమ్ముడు